సరస్సు వైపు గది

"ఆ ముక్క కొట్టెయ్యండి మేడమ్," అంది మడతక్క.

లెక్కల మేడమ్ కలం ఆపి తలెత్తింది. రిసార్టుకు రాస్తున్న ఉత్తరంలో కొట్టెయ్యమన్న ముక్క 'వరసకు మా వదినగారు' అన్నది. ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కదా, అబద్ధం రాసేటప్పుడు కూడా దస్తూరీ చెదరలేదు.

"ఉంటే మీకే మంచిది. బంధువులంటే ఏమీ అడగరు. పాయింట్లు అద్దెకిచ్చానని తెలిస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు."

"వెయ్యనివ్వండి. నేను మీకు ఏ వరసా కాను. మూడు రాత్రులకు మీ పాయింట్లు అద్దెకు తీసుకున్నాను, డబ్బిచ్చాను. దొంగచాటుగా దూరేదానికి ఇంత డబ్బెందుకు? గోడ దూకితే ఊరికే అయిపోయేది."

మేడమ్‌కు నవ్వొచ్చింది గాని భయం పోలేదు. ఉద్యోగంలో ఉండగా ఎవరో కోటు తొడుక్కున్న కుర్రాడు ఇంటికొచ్చి, ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం రిసార్టుల్లో గదులే గదులని చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. ఏటా ఆవిడ పేరు మీద కొన్ని పాయింట్లు పడతాయి. ఆ పాయింట్లతో గది తీసుకోవాలి. ఏడాది తిరిగేలోగా వాడకపోతే మురిగిపోతాయి. నిర్వహణ రుసుము మాత్రం మురిగిపోదు, ఏటా ఠంచనుగా కట్టాలి. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా గదులు నిండిపోయాయనే వాళ్లు. బట్టలు ఇస్త్రీకి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఈ గోడంతా వెళ్లబోసుకుంటే మడతక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఏ రిసార్టు?" అని అడిగింది. ఆ రిసార్టు లాండ్రీలోనే ఆమె ఇరవై రెండేళ్లు దుప్పట్లు మడతపెట్టింది. మడతక్క అన్న పేరు అక్కడ పడిందే.

"పరీక్షల నెలలో మంగళవారం అడగండి. ఆ వారం మాకు రెండు మిషన్లు ఖాళీగా పడుండేవి. గదులు నిండాయని చెబితే మొహం మీదే అబద్ధమాడినట్టు," అని చెప్పింది. మేడమ్ అలాగే అడిగితే గది దొరికింది. సరస్సు వైపు గది, పద్నాలుగో నంబరు, మూడు రాత్రులు, అని కాగితం కూడా వచ్చింది. తీరా దొరికాక ఒంటరిగా వెళ్లడానికి మేడమ్‌కు మనసొప్పలేదు. ఆ గదికి కౌంటర్లో డబ్బు కట్టాలంటే మడతక్క నాలుగు నెలలు ఇస్త్రీ చెయ్యాలి. పాయింట్ల అద్దె అయితే నెలన్నర కష్టం. చెయ్యగలదు, చేసింది.

"రూల్సు పుస్తకంలో అద్దెకివ్వకూడదని ఎక్కడన్నా ఉందా?" అని అడిగింది మడతక్క.

"లేదు. మెంబరు తన బదులు ఎవరినైనా పంపవచ్చు అని ఉంది. నలభై ఒకటో పేజీ."

"ఎవరినైనా అంటే నేను కూడా ఎవరో ఒకరినే కదా మేడమ్."

మేడమ్ ఇంకో కాగితం తీసింది. ఈసారి 'నా పాయింట్ల మీద ఈవిడ, ఈవిడ చెల్లెలు వస్తున్నారు' అని రాసి, కింద సంతకం చేసింది. అద్దె అన్న మాట రాయడానికి మాత్రం ఆవిడ చెయ్యి ముందుకు రాలేదు. మడతక్క అది గమనించింది, ఒత్తిడి చెయ్యలేదు.

*

బస్సు దిగి అక్కచెల్లెళ్లిద్దరూ రిసార్టు గోడ వెంబడే నడిచారు. చెల్లెలు హాస్టల్లో వంటమనిషి. రోజుకు రెండొందల మందికి వండుతుంది. సెలవు పెట్టి వచ్చిందన్న మాటే గాని, నడుస్తూ నడుస్తూ చేతి గడియారం చూసి, "ఈపాటికి ఎసరు పెట్టాలి," అని రెండుసార్లు అంది.

"మూడు రోజులు ఆ మాటెత్తావంటే సరస్సులో తోసేస్తాను."

"తొయ్యి. అక్కడైనా ఎవరూ వండమని అడగరు."

మడతక్క ఒక ఇనపగేటు దగ్గర ఆగి సంచీ రెండో చేతికి మార్చుకుంది. గేటు కాపలావాడు చూసి నవ్వి, గొళ్లెం తీశాడు. రెండడుగులు లోపలికి వేశాక చెల్లెలు మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, ఇది పనివాళ్ల గేటు కాదూ?"

మడతక్క చుట్టూ చూసింది. సబ్బునీళ్ల కాలవ, బొగ్గురంగు తలుపు, చక్రాలు విరిగిన బండి. ఇరవై రెండేళ్ల అలవాటు, కాళ్లు తమంతట తామే తీసుకొచ్చేశాయి. ఆమెకు తన కాళ్ల మీదే కోపమొచ్చింది.

"ఇటు నుంచి దగ్గరే కదక్కా, పో లోపలికి," అన్నాడు కాపలావాడు.

"దగ్గరే. అయినా చుట్టూ తిరిగే వెళ్తాం," అని వెనక్కి తిరిగింది. గోడ పొడుగు ఎంతో ఆమెకు ఇన్నేళ్లలో తెలియలేదు. ముందు గేటుకు చేరేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

కౌంటర్లో మేనేజరు ఉత్తరం చదివాడు, కాగితం చదివాడు, కంప్యూటర్లో ఏదో చూశాడు. ముప్పై దాటని కుర్రాడు. చొక్కా కాలరు నలగలేదు గాని, మెడ వెనక మడత తప్పుగా పడింది. అది మడతక్క కంటిని తప్పించుకోలేదు.

"మెంబరుగారికి మీరు ఏమవుతారండీ?"

"ఏమీ కాను. ఆవిడ పాయింట్లు అద్దెకు తీసుకున్నాను."

మేనేజరు కనుబొమలు పైకి లేచాయి.

"అద్దెకా? అలా కుదరదండీ."

"మీ పుస్తకంలో నలభై ఒకటో పేజీ చూడండి. కుదరదని ఉంటే ఇప్పుడే వెళ్లిపోతాం."

అతను పుస్తకం తియ్యలేదు. మళ్లీ కంప్యూటరు వైపు తిరిగి, ఈసారి గొంతులో జాలి కలిపాడు. "సరే, అది తర్వాత చూద్దాం. మీ గదిలో నీళ్ల పైపు పగిలిందండీ. రిపేరు చేస్తున్నారు. మూడు నాలుగు రోజులు పడుతుంది. ప్రస్తుతానికి వెనక వైపు ఒక గది ఉంది."

"సరస్సు వైపు ఇంకో గది?"

"అన్నీ నిండిపోయాయండీ."

మడతక్క లాబీ అంతా కలయజూసింది. సోఫాలన్నీ ఖాళీ. సామాను మోసే మనిషి గోడకు ఆనుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. "సరే, కూర్చుంటాం," అని ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చుంది. చెల్లెలు పక్కనే అంచు మీద కూర్చుంది, మెత్తలు నలుగుతాయన్నట్టు.

రెండు గంటలు అలాగే గడిచాయి. ఈలోగా ఒక జంట వచ్చి కౌంటర్లో కార్డు గీకింది. వాళ్లకు తాళం ఇస్తూ, "సరస్సు మీద సూర్యాస్తమయం తప్పకుండా చూడండి," అన్నాడు మేనేజరు. ఆ మాట వినపడేలా అన్నందుకు తర్వాత నాలుక్కరుచుకున్నాడేమో, కౌంటరు వెనక గదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

వచ్చేటప్పుడు మాత్రం నవ్వుతూ వచ్చాడు. వెనకాలే గేటు కాపలావాడు.

"నువ్వు మన లాండ్రీలో చేశావటగా! ముందే చెప్పొద్దూ? మన మనిషివే అయ్యుండి పాయింట్లూ కాగితాలూ ఎందుకు? వెనక గదిలో ఉండు, మూడు రోజులేం ఖర్మ, నాలుగు రోజులుండు. క్యాంటీన్లో భోజనం కూడా చెప్తాను. డబ్బేం వద్దు."

మడతక్క నెమ్మదిగా లేచింది. ఆమె ఒళ్లు మండిపోతోంది, కాని గొంతు పెంచలేదు. మిషన్ల హోరులో ఇరవై రెండేళ్లు అరిచి మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఒక్కో మాటా మడతపెట్టినట్టు మాట్లాడింది.

"ఇందాకటిదాకా మీరు అన్నావు బాబూ. లాండ్రీ మనిషినని తెలియగానే నువ్వు అయిపోయానా?"

"అబ్బే, అది కాదు, మన మనిషివని..."

"మీ మనిషినైనప్పుడు ఒక్కనాడూ ఈ తలుపులోంచి రానివ్వలేదు. ఇప్పుడు నేను మీ మనిషిని కాను, మీ గది అద్దెకు తీసుకున్నదాన్ని. నాకు ఊరికే ఏదీ వద్దు. కాగితంలో ఉన్న గది కావాలి."

"ఆ గది లేదంటున్నాను కదా!"

చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "సర్దుకుందామే అక్కా. వండే పని లేకపోతే చాలు, నన్ను గోడౌన్లో పడుకోమన్నా హాయిగా పడుకుంటాను. గొడవ పెట్టుకుంటే ఉన్నదీ ఊడుతుంది."

"నువ్వు సర్దుకో. నేను ఇరవై రెండేళ్లు సర్దుకున్నాను, కోటా అయిపోయింది."

అయినా చెల్లెలి మొహం చూసి ఆమె మెత్తబడింది. పొద్దున్న నాలుగింటికి లేచిన మనిషి, కళ్లు వాలిపోతున్నాయి. వెనక గది తాళం తీసుకుంది గాని, అతను ముందుకు తోసిన ఫారం మీద సంతకం చెయ్యలేదు. "ఇది నేను అడిగిన గది కాదు. ఈ రాత్రి నా మూడు రాత్రుల్లోది కాదు. రాసుకోండి," అంది. అతను రాసుకోలేదు.

*

వెనక గది లాండ్రీకి సరిగ్గా పైన. తెల్లవారాక మిషన్లు మొదలయ్యేసరికి నేల సన్నగా వణికింది. చెల్లెలు మంచం మీద లేచి కూర్చుని "భూకంపమా?" అంది.

"కాదు, మూడో నంబరు మిషను. దాని కాలు ఒకటి పొట్టి. కింద అట్టముక్క పెట్టాలి, ఎవరూ పెట్టినట్టు లేరు."

మడతక్క మొహం కడుక్కుని మెట్లు దిగింది. లాండ్రీలోకి పోలేదు, గుమ్మం బయటే నిలబడింది. లోపల ముగ్గురు ఆడవాళ్లు పొద్దుటి మాసిన బట్టలు విడదీస్తున్నారు. ప్రతి గది బట్టలూ ఒక మూటగా కట్టి, మూటకు గది నంబరున్న గుడ్డపేలిక తగిలించి పైనుంచి పంపుతారు. వెనక గదుల దుప్పట్ల అంచుకు ఎర్ర దారం, సరస్సు వైపు గదుల వాటికి నీలం దారం. కలిసిపోకుండా ఆ దారాలు కుట్టే పద్ధతి పెట్టింది తనే. అప్పటి యజమాని మెచ్చుకుని ఒక పెన్ను ఇచ్చాడు.

గుమ్మం దగ్గర నేల మీద నీలం అంచు మూట ఒకటి విప్పి ఉంది. పేలిక మీద పద్నాలుగు.

ఆమె వంగి చూసింది. రెండు దుప్పట్లు, రెండు దిండు గలేబులు, నాలుగు తువ్వాళ్లు. తువ్వాళ్లు నాలుగూ తడిసి ముద్దయి ఉన్నాయి. ఒకదాని మీద షాంపూ నురగ ఇంకా ఆరలేదు. ఆమె వెన్ను నిటారుగా అయింది. పక్కనే పొడుగుపాటి అమ్మాయి ఒకతి తోపుడుబండిలో ఉతికిన మూటలు పేర్చుతోంది, ఆ పిల్లకు ఒకప్పుడు మడత నేర్పింది మడతక్కే. అన్నిటికంటే పైన నీలం అంచు, పద్నాలుగు.

"అక్కా!" అని ఆ పిల్ల సంబరంగా దగ్గరికొచ్చింది. ఏదో చెప్పబోయింది. మడతక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేం చెప్పకు. నువ్వు చెప్పావని రేపు నీ మీదికి రాకూడదు. నేను చూశాను, నా కళ్లు నావి." కాస్త ఆగి, "ఆ మూడో మిషను కింద అట్టముక్క పెట్టించు," అని పైకి వెళ్లిపోయింది.

గదిలోంచి మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"వింటున్నారా మేడమ్? మీరు రానక్కర్లేదు. నా పాయింట్లు ఆవిడకు అద్దెకిచ్చాను అని ఒక్క మాట ఫోన్లో వాళ్లతో చెప్పండి చాలు."

"పైపు అన్నారా?" మేడమ్ గొంతు సన్నగా వినిపించింది. "నాకు ఒకేడు చెదలన్నారు. ఒకేడు రంగులు వేస్తున్నామన్నారు. రెండేళ్లు వరసగా గదులు నిండాయన్నారు. పోయినేడు పైపే అన్నారు. పందొమ్మిదేళ్లు నమ్మానండీ. పిల్లలు ఇలాంటి కారణాలు చెబితే బెంచీ ఎక్కించేదాన్ని."

ఫోన్ పెట్టేసింది. కోపమొచ్చిందో, భయమేసిందో మడతక్కకు అర్థం కాలేదు. చెల్లెలు సంచీ సర్దడం మొదలుపెట్టింది.

"సంచీ అక్కడ పెట్టు," అంది మడతక్క. "పెట్టి, పద. మళ్లీ ఆ సోఫాలోనే కూర్చుందాం. ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చో."

*

మేడమ్ మధ్యాహ్నం బస్సుకు దిగింది. చేతిలో చిన్న పెట్టె, చంకలో రూల్సు పుస్తకం. ఎండకు మొహం ఎర్రబడింది. సోఫాలో ఉన్న ఇద్దరినీ చూసి తల ఊపి, సరాసరి కౌంటరు దగ్గరికి నడిచింది. మడతక్క లేచి ఆవిడ పక్కన నిలబడింది.

మేనేజరు చేతులు జోడించినంత పని చేశాడు. "అయ్యో మేడమ్, ఇంత దూరం మీరెందుకు శ్రమపడ్డారు?"

"పద్నాలుగో గది ఎందుకివ్వలేదు?"

"పైపు పగిలింది మేడమ్. వీళ్లకు చెప్పాను, వినిపించుకోరు."

"బాబూ," అంది మడతక్క, "పైపు పగిలిన గదిలోంచి పొద్దున్న నాలుగు తువ్వాళ్లు తడిసి కిందికొచ్చాయి. నీళ్లు లేకుండా ఎలా తడిశాయి?"

అతని చెయ్యి కంప్యూటరు మీద ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నీకు... మీకు?"

"ఎవరూ చెప్పలేదు. వెనక గది మెట్లు దిగితే లాండ్రీ, ఆ గది ఇచ్చింది మీరే. రిపేరు గదికి దుప్పట్లు పంపరు. ఇవాళ పొద్దున్న పద్నాలుగుకు ఉతికిన దుప్పట్లు పైకెళ్లాయి. అంచుకు నీలం దారం. ఆ దారం కుట్టినదాన్ని నేను. ఇంకా చెప్పమంటారా? షాంపూ కూడా పెట్టుకున్నారు, బాగా నురగొచ్చింది."

లాబీలో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పేపరు దించాడు. ఆయన భార్య ఫోన్ దించింది. సామాను మోసే మనిషి గోళ్లు చూసుకోవడం మానేశాడు. మేనేజరు గొంతు అమాంతం తగ్గిపోయింది.

"మాట్లాడుకుందాం మేడమ్. పైపు... రాత్రి బాగుచేసి ఉండొచ్చు. నేను కనుక్కోలేదు, పొరపాటే." సొరుగు లాగి తాళం తీశాడు. ఇత్తడి బిళ్ల మీద పద్నాలుగు. దాన్ని రెండు చేతులతో మేడమ్ ముందు పెట్టాడు. "మీరు స్వయంగా వచ్చారు. మెంబరు మీరు. మీ గది మీకివ్వడం మా బాధ్యత. మూడు రాత్రులూ హాయిగా ఉండండి. వీళ్లకు వెనక గది ఉండనే ఉంది, నేను ఖాళీ చేయమనను. అందరికీ న్యాయం జరిగినట్టే."

తెలివైనవాడే. మడతక్క ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఇక తాను మాట్లాడేది కాదని ఆమెకు అర్థమైంది. ఇప్పుడు గది ఎవరిదో తేల్చాల్సింది మేడమే, పందొమ్మిదేళ్లుగా ఆ గది కోసం ఎదురుచూసిందీ మేడమే. తీసుకున్న డబ్బు వెనక్కిస్తే సరిపోతుంది, ఎవరూ తప్పుపట్టరు. చెల్లెలు సోఫా దగ్గరే నిలబడిపోయింది.

మేడమ్ తాళం చేతిలోకి తీసుకుంది. బిళ్లను బొటనవేలితో రాస్తూ, కౌంటరు పక్క గాజుతలుపు వైపు చూసింది. అవతల నీళ్లు కనిపిస్తున్నాయి. ఆవిడ అలా ఎంతసేపు చూసిందో గాని, మడతక్కకు మాత్రం ఆ రోజంతా అక్కడే గడిచినట్టనిపించింది. ఆ క్షణంలో ఆమె మేడమ్‌ను తిట్టుకోలేదు. తిట్టుకోవడానికి సిద్ధంగా మాత్రం ఉంది.

"ఒక కాగితం ఇవ్వండి," అంది మేడమ్.

మేనేజరు ఇచ్చాడు. ఆవిడ నిలబడే రాసింది. రాసిన ప్రతి మాటా పైకి చదివింది, క్లాసులో లెక్క చెప్పినట్టు, వెనక బెంచీకి వినపడేలా.

"నా పాయింట్లు ఈవిడకు మూడు రాత్రులకు అద్దెకిచ్చాను. అద్దె పూర్తిగా ముట్టింది. రిసార్టు తప్పు వల్ల ఒక రాత్రి పోయింది కాబట్టి ఆ మూడు రాత్రులు ఇవాళ్టి నుంచి మొదలు." సంతకం చేసి, తేదీ వేసి, కాగితం అతని ముందుకు జరిపింది. "పుస్తకంలో నలభై ఒకటో పేజీ. చదవకపోతే ఇక్కడే కూర్చుని చదివి వినిపిస్తాను. నాకు తొందరేం లేదు."

"మేడమ్, అలా అద్దెకని రాస్తే పైవాళ్లు..."

"పైవాళ్లు అడిగితే నన్ను అడగమనండి. ఇన్నేళ్లు అబద్ధాలు మీరు చెప్పారు, మొన్న నేనూ ఒకటి రాయబోయాను. ఈవిడ కొట్టేయించింది." తాళం మడతక్క చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "తీసుకోండి. మీ గది."

ఇంతసేపూ తడుముకోకుండా మాట్లాడిన మడతక్క, ఇప్పుడు కృతజ్ఞత చెప్పాలో వద్దో తేల్చుకోలేక తాళాన్ని అటూ ఇటూ తిప్పింది. మేనేజరు రిజిస్టరు తెరిచి, ఫారం నింపి, "ఇక్కడ సంతకం చెయ్యండి," అన్నాడు. చెయ్యండి అన్నాడు. ఆమె ఫారం పై నుంచి కింది దాకా చదివి, మూడు రాత్రులని ఉందో లేదో చూసుకుని, అప్పుడు సంతకం చేసింది.

*

గది పెద్దదేమీ కాదు. రెండు మంచాలు, ఒక కుర్చీ, గోడంత కిటికీ. కిటికీ నిండా నీళ్లు. చెల్లెలు చెప్పులు విడిచి నేరుగా వెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకుంది. "నాకు ఆకలేస్తోంది. ఎవరైనా వండితే తింటాను," అని పైకప్పుతో చెప్పి, తనే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

మడతక్క దుప్పటి అంచు పట్టుకుని చూసింది. మూల సరిగ్గా మడవలేదు. సరిచెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇవాళ ఆ పని ఆమెది కాదు.

మేడమ్ ఇంకా గుమ్మం బయటే ఉంది, చేతిలో పెట్టెతో. మెడ మాత్రం లోపలికి చాపి కిటికీ వైపు చూస్తోంది.

"చూశాను. బాగుంది," అంది. "ఐదింటి బస్సుంది. నేను బయల్దేరతాను మరి."

"బస్సు రోజూ ఉంటుంది. లోపలికి రండి."

"మీ అక్కచెల్లెళ్ల మధ్య నేనెందుకండీ? మీరు డబ్బిచ్చి తీసుకున్నారు. నిజంగా వదినగారినైనట్టు చొరబడితే ఏం బాగుంటుంది?"

"అందుకే కదా, పిలిచే హక్కు కూడా నాదే," అంది మడతక్క. ఆవిడ చేతిలోని పెట్టె లాక్కుని మంచం పక్కన పెట్టింది. కుర్చీని కిటికీకి ఎదురుగా ఈడ్చింది. మేడమ్ గుమ్మం దాటడానికి ముందు చెప్పులు విడిచి, వాటిని జతగా గోడకు సర్దింది, పరాయి ఇంటికి వచ్చినట్టు. కుర్చీలో కూర్చుని నీళ్ల వైపు చూసింది. ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. చెల్లెలు లేచి ఆవిడకు మంచినీళ్లు ఇవ్వబోయి, "ఇది వంట కిందికి రాదుగా?" అని అక్కను అడిగింది.

మంచాలు రెండే. అక్కచెల్లెళ్లు ఒకదాని మీద సర్దుకుంటే సరిపోతుంది, చిన్నప్పుడు నలుగురు పడుకునేవాళ్లు. దిండు మాత్రం ఒకటి తక్కువ. మడతక్క బల్ల మీది ఫోన్ తీసి కౌంటరు నంబరు నొక్కింది.

"చెప్పండి," అన్నాడు మేనేజరు. "మెంబరు గారేనా మాట్లాడేది?"

"కాదు. గది అద్దెకు తీసుకున్నదాన్ని. మెంబరుగారు నా దగ్గరికి వచ్చారు, మూడు రోజులుంటారు. ఇంకో దిండు పంపించండి."